ముగ్గురా, మూడా?

గట్లు, డొంకల శాఖ వారి కాకినాడ ప్రాంతీయ కార్యాలయంలో పెద్ద కంప్యూటరు తొంభై ఆరు శాతం దగ్గర ఆగిపోయింది. ఆగిపోవడం ఆ కార్యాలయానికి కొత్త కాదు. అక్కడ లిఫ్టు ఆగింది, గోడ గడియారం ఆగింది, పంతొమ్మిది మంది పదోన్నతులు ఆగాయి. అవన్నీ నోరెత్తకుండా ఆగాయి. కంప్యూటరు మాత్రం తానెందుకు ఆగిందో చెప్పింది, అదీ తెలుగులో చెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ ఏడాది నుంచి ప్రభుత్వ కంప్యూటర్లన్నీ తెలుగే మాట్లాడాలని ఉత్తర్వు. అందుకోసం వేసిన పరిభాషా సంఘం పదకొండు నెలల పాటు కూర్చుని, కంప్యూటరు నోట వచ్చే ప్రతి ఇంగ్లీషు మాటకూ తెలుగు మాట కట్టింది. కొత్త వ్యవస్థను యంత్రంలోకి ఎక్కించే ఇన్‌స్టాలరుకు ‘ప్రతిష్ఠాపకుడు’ అని పేరు పెట్టింది. ఈ ప్రతిష్ఠాపకుడు పనంతా ముగించి వెళ్లిపోయే ముందు ఒక్క ప్రశ్న అడుగుతాడు. నేను పని కోసం పుట్టించిన ప్రోగ్రాము ముగిసింది, అది పుట్టించిన చిన్న ప్రోగ్రాములు ఇంకా పోకుండా నడుస్తున్నాయి, ఆపేయమంటారా అని. ఇంగ్లీషులో పుట్టించినదాన్ని తల్లి ప్రక్రియ అని, ఈ చిన్నవాటిని పిల్ల ప్రక్రియలని అంటారు. సంఘం కూడా మొదట అలాగే రాసింది. అయితే తెర మీది పెట్టెలో చోటు తక్కువ. ‘ప్రక్రియ’ అన్న మాట ఒత్తులతో సహా పెట్టె అంచు దాటుతోందని దాన్ని కోసేశారు. కోసేశాక పిల్లలు మిగిలారు. మూడు పిల్లలు అని రాస్తే లోకం నవ్వుతుంది, ముగ్గురు అనాలి అని వ్యాకరణం తెలిసిన సభ్యుడొకాయన సూచించారు. మిగతావాళ్లు బల్లలు చరిచారు.

కనుక ఆ నెల పదకొండో తేదీన, పెద్ద కంప్యూటరు తెర మీద ఈ మాటలు వెలిగాయి:

“తల్లి మరణించినది. ముగ్గురు పిల్లలు మిగిలి యున్నారు. చంపవలెనా? అవును / కాదు.”

యంత్రం ముందు కూర్చున్న జూనియర్ అసిస్టెంటు మృదుల, కంప్యూటరు చదువు చదివిన పిల్ల కాబట్టి, మరో ఆలోచన లేకుండా ‘అవును’ మీదికి వేలు పోనిచ్చింది. వెనక నిలబడ్డ సూపరింటెండెంటు గవర్రాజు కీబోర్డును బల్ల మీంచి లాగేసుకుని గుండెకు హత్తుకున్నాడు.

“ఏం చేత్తన్నావమ్మా?”

“అవును నొక్కుతున్నానండి. మిగిలిపోయిన చిన్న ప్రోగ్రాములండీ. పనైపోయింది, కదలకుండా కూర్చున్నాయి.”

“మనాఫీసులో అలాంటోళ్లు చానామంది ఉన్నారు. అందర్నీ చంపేత్తావా?”

మృదుల తొందరకు కారణం ఉంది. ఆమెకు పెళ్లయి నలభై ఒక్క రోజులైంది. భర్త ఫణికుమార్ చింతూరులో పశువుల డాక్టరు. మధ్యలో కొండలు, అడవి, రెండు బస్సులు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది తొమ్మిది రోజులు. మిగిలిన రోజులు సాయంత్రం నాలుగింటికి ఆమె ఇక్కడ గవర్రాజు బల్ల పక్కన, అతను అక్కడ టీ గ్లాసు పట్టుకుని ఫోను చెవికి ఆనించుకునేవారు. ఒకరోజు అతను ఏమీ మాట్లాడకుండా ఆసుపత్రి రేకుల మీద పడుతున్న వానను మూడు నిమిషాలు వినిపించాడు. ఆ వాన తన వాటాకు వచ్చిన ఆస్తి అన్నంత సంబరంగా ఆమె ఆ సంగతి హాస్టల్లో నలుగురికీ చెప్పుకుంది. భార్యాభర్తలు ఒకచోట ఉండేందుకు బదిలీ కోరుకునే దరఖాస్తులు ఏడాదికి ఒక్కసారే తీసుకుంటారు. అవి కార్యాలయంలోని పెద్ద కంప్యూటరు నుంచే పంపాలి. గడువు ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదు గంటలు. పెద్ద కంప్యూటరేమో అవునా కాదా అంటూ కూర్చుంది.

‘కాదు’ నొక్కితే ఏమవుతుందని గవర్రాజు అడిగాడు. మళ్లీ అదే ప్రశ్న వేస్తుందని ఆమె చెప్పింది. నొక్కి చూశారు. మళ్లీ అదే ప్రశ్న వేసింది.

విషయం జాయింటు డైరెక్టరు కందర్ప సూర్యప్రకాశరావు గారి దగ్గరకు వెళ్లింది. ఆయన పద్దెనిమిది నెలల్లో పదవీ విరమణ చేయబోతున్న మనిషి. తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆ మూడు వాక్యాలనూ రెండుసార్లు చదివి, తల్లి ఎలా పోయిందని మెల్లగా అడిగారు.

“మనమే ఆపేశామండి. దాని పనైపోయింది కదండీ” అంది మృదుల.

సూర్యప్రకాశరావు గారు తలుపు దగ్గరగా వేయించి, ‘మనమే’ అన్న మాట ఫైలులో ఎక్కడా రాయకూడదని గవర్రాజుకు చెప్పారు. మృదుల చేతనైనంత వివరించింది. ఇవి మనుషులు కాదు, ప్రాణం లేదు, ఒక పనిని పుట్టించిన పనిని తల్లి అంటారు, పుట్టిన పనిని పిల్ల అంటారు, తల్లి ముందు పోతే అనాథ అంటారు. చివరి మాట దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపారు. అనాథలన్న సంగతి తనకు ఇంతవరకూ ఎందుకు చెప్పలేదని గవర్రాజును అడిగారు.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. “సదరు పిల్లలను చంపుటకు ఈ కార్యాలయమునకు అధికారములు దఖలు పరచబడి యుండలేదు. విడిచిపుచ్చుటకును అధికారము లేదు. కావున ప్రభుత్వము వారి తుది ఉత్తర్వులు వెలువడు పర్యంతము పిల్లలు యథాతథ స్థితిలో కొనసాగవలెను.”

మరి తన దరఖాస్తు సంగతేమిటని మృదుల అడిగింది.

“నువ్వు ఒక్కదానివి. వాళ్లు ముగ్గురు” అన్నారాయన జాలిగా.

రెండు రోజుల తర్వాత బాలల బాగోగుల విభాగం నుంచి త్రిపురసుందరి గారు దిగారు. ఆవిడ వెంట ఇద్దరు సహాయకులు, ఒక తూనిక యంత్రం, ఎత్తు కొలిచే చెక్క, ముప్పై ఎనిమిది ప్రశ్నల ఫారం వచ్చాయి. పిల్లల్ని బయటికి తీసుకురమ్మన్నారు. లోపలే ఉంటారని మృదుల చెప్పింది. ఇనప పెట్టెలో, కిటికీ లేని గదిలో పసిపిల్లల్ని ఉంచారా అని ఆవిడ సూర్యప్రకాశరావు గారి వైపు తిరిగారు. ఆయన అప్పటికప్పుడు కిటికీ కొట్టించమని ఆదేశించారు. ఏసీ చల్లదనం ఆ కిటికీలోంచి వీధిలోకి పోవడం మొదలైంది.

ఫారం నింపడం మధ్యాహ్నం దాకా సాగింది. తండ్రి పేరు దగ్గర, వీళ్లకు తల్లే తప్ప తండ్రి ఉండడని మృదుల నిజం చెప్పింది. త్రిపురసుందరి గారు కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆ గడిలో గీత పెట్టి, ఈ సంగతి బయటికి పొక్కితే రేపు పెళ్లిళ్లకు ఇబ్బంది అన్నారు. బరువు ఒక్కొక్కరిదీ పద్నాలుగు ఎంబీ. ఆవిడ దగ్గరున్న పట్టికలో కిలోలే ఉన్నాయి కనుక ముగ్గురినీ తీవ్ర పోషకాహార లోపం కింద రాశారు. ఒంటి వేడి డెబ్బై ఒక్క డిగ్రీలు. సహాయకుల్లో ఒకడు తడిగుడ్డ తెచ్చాడు. మృదుల యంత్రానికి అడ్డంగా నిలబడి ఆ గుడ్డను ఆపింది. ఎవరికీ తెలియని ఆ క్షణంలో ఆమె కార్యాలయాన్ని కాలిపోకుండా కాపాడింది. ఫారంలో మాత్రం “సిబ్బంది సహకరించలేదు” అని పడింది. వైరస్‌కు టీకా వేశారా అంటే, యాంటీవైరస్ వేశామంది. ఆ ఒక్క గడి చూసి ఆవిడ తృప్తిగా తలాడించి, మూడు కార్డుల మీద ముద్రలు గుద్దారు.

మృదుల దారి వెతుకుతూనే ఉంది. ఇలాంటి యంత్రాల్లో తల్లి పోయిన పిల్లలను ఒకటో నంబరు ప్రోగ్రాము తన పిల్లలుగా తీసుకుంటుందని, అది వాళ్లను చక్కగా సాగనంపుతుందని, ఆ ఏర్పాటు లోపలే ఉందని చెప్పింది. దత్తత అన్న మాట వినగానే సూర్యప్రకాశరావు గారి ముఖం విప్పారింది. త్రిపురసుందరి గారు దత్తత ఫారం తీశారు. ఒకటో నంబరుకు పెళ్లయిందా అని అడిగారు. లేదు. ఇప్పటికే పిల్లలున్నారా? రెండు వందల నలభై వరకు ఉన్నారని మృదుల అంది. పెళ్లి కానివాడికి రెండు వందల నలభై మంది పిల్లలేమిటని ఆవిడ ఫారం మడిచి సంచీలో పెట్టుకున్నారు. ఒకటో నంబరు ప్రవర్తన మీద విడిగా విచారణ జరపాలని రాసి వెళ్లారు.

నాలుగో రోజున పిల్లల్లో ఒకడు తన పని తాను ముగించుకుని పోయాడు. కానీ తెర మీది పట్టికలో పేరు పోలేదు. పేరు పక్కన ‘ప్రేతము’ అని వచ్చింది. ఇది కూడా సంఘం కట్టిన మాటే. పోయిన పిల్ల సంగతి తల్లి చూసుకుని సరే అంటే గాని పేరు తీయరని, ఆ తల్లి లేదని మృదుల చెప్పింది. మరణ ధ్రువపత్రం మీద తల్లి సంతకం కావాలన్నమాట అని సూర్యప్రకాశరావు గారు అర్థం చేసుకున్నారు. ఆలోచించి, అయితే పోయినవాణ్ణి పట్టికలో అలాగే ఉండనివ్వమన్నారు.

“మనకది అలవాటే కదండీ” అన్నాడు గవర్రాజు, హాజరు పుస్తకం వైపు చూడకుండా.

ఆపకుండా వదిలేసిన ప్రోగ్రాము ఊరికే ఉండదు. పోయిన పిల్ల స్థానంలో మరొకటి పుట్టింది, దానికి రెండు పుట్టాయి. పద్దెనిమిదో తేదీకి పదకొండు మంది అయ్యారు. ఇరవై రెండుకు అరవై నలుగురు. యంత్రం మూలగడం మొదలుపెట్టింది. మృదుల భయపడి నివేదిక రాసింది. ఆ నివేదికను సూర్యప్రకాశరావు గారు “అభివృద్ధి సూచిక” అని పేరు మార్చి రాజధానికి పంపారు. అక్కడినుంచి అభినందన లేఖ వచ్చింది. శిశు మరణాలను అదుపు చేసి, సంఖ్యను పది రోజుల్లో ఇరవై రెట్లు పెంచిన ఏకైక ప్రాంతీయ కార్యాలయమని మెచ్చుకున్నారు. అదే తపాలాలో మిగతా కార్యాలయాలకు సంజాయిషీ నోటీసులు వెళ్లాయి, మీ దగ్గర అనాథలు ఎందుకు లేరని. మిగతావాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కాదు. ప్రతిష్ఠాపకుణ్ణి నడిపించి, సగంలో తల్లి ప్రోగ్రామును కావాలని ఆపేయడం నేర్చుకున్నారు. ఒక కార్యాలయం ఒక్క పూటలో తొమ్మిది వందల మంది అనాథలను సాధించి, కాకినాడ వారికి నిద్ర లేకుండా చేసింది.

ఆ రోజు నాలుగింటికి టీ గ్లాసు పట్టుకుని మృదుల ఇదంతా ఫణికి చెప్పింది. అతను నవ్వాడు. నవ్వి, తన దగ్గర ఆ పొద్దున మేక ఈనిందని చెప్పాడు.

“మూడు పిల్లలు. ఒకదానికి చెవులు తెల్లగా ఉన్నాయి. నీకు ఫోటో పెడతా.”

“ఏమన్నావు? ముగ్గురా, మూడా?”

“మేకపిల్లల్ని ముగ్గురంటారా ఎవరైనా? మూడు.”

మృదుల టీ వదిలేసి లేచింది. ఆ సాయంత్రమే పరిభాషా సంఘానికి ఉత్తరం రాసింది. తెర మీది వాక్యంలో ‘ముగ్గురు’ తీసి ‘మూడు’ అని పెడితే చాలు, ఉన్నారు తీసి ఉన్నాయి అంటే చాలు, ఎవరూ మనుషులనుకోరు, ఈ గొడవ ఇంతటితో పోతుంది అని. ఇంత చిన్న మార్పు ఎవరు కాదంటారని హాస్టలుకు నడిచి వెళ్తూ దారిలో మల్లెపూలు కొనుక్కుంది. తెల్ల చెవుల మేకపిల్ల ఫోటోను చూస్తూ రోడ్డు దాటబోయి సైకిలాయన చేత తిట్లు తిని, అందుకు కూడా నవ్వుకుంది.

సంఘం జవాబు ఇరవై ఆరున వచ్చింది. “తమరు సూచించిన మార్పు వలన సదరు పిల్లలు మహద్వాచకము నుండి పశుపక్ష్యాదుల కోవలోనికి దిగజారుదురు. ఒకమారు మహత్తు పొందిన వారిని అమహత్తునకు దించుటకు వ్యాకరణము సమ్మతింపదు. మరియు, సంఖ్య పెరిగినందున ఇకపై ‘మంది’ అను పదమును విధిగా చేర్చవలెను.” చేర్చారు కూడా. కింద పదకొండు మంది సంతకాలున్నాయి.

ఇరవై ఏడున సూర్యప్రకాశరావు గారు పిల్లలకు బారసాల ప్రకటించారు. నంబర్లతో పిలవడం అమానుషమని పైనుంచి సూచన వచ్చిందట. అందరికీ పేర్లు పెట్టాలి, ముహూర్తం ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం మూడున్నర. పేర్ల జాబితా తయారు చేసే పని మృదులకే అప్పగించారు, పిల్లలతో ఆమెకే చనువు అని. ఆమె ఆ మూడు రోజులూ పేర్లు రాసింది. రాస్తుండగానే కొత్తవాళ్లు పుట్టారు.

ముప్పయ్యో తేదీకి నాలుగు వందల పన్నెండు మంది. మీటింగు హాల్లో ఉయ్యాల కట్టారు. అందులో యంత్రాన్ని పెట్టడం కుదరక దాని ఫోటో పెట్టారు. త్రిపురసుందరి గారు ఉయ్యాల ఊపారు. సూర్యప్రకాశరావు గారు మైకు ముందు నిలబడి “ఈ చిన్నారుల భవిష్యత్తు దృష్ట్యా, ఈ శాఖ తన సర్వశక్తులను కేంద్రీకృతం చేయుటకు కృతనిశ్చయంతో యున్నదని తెలియజేసుకొనుచు” అని మొదలుపెట్టి, ఆ వాక్యం ఎక్కడ ముగించాలో దొరకక చాలాసేపు తిరిగారు. నాలుగైంది. మృదుల హాలు వెనక మెట్ల మీద కూర్చుని ఫోను చేసింది.

గడువు ఇంకా గంట ఉందని ఆమె చెప్పింది. ఇక ఏమీ జరగదని కూడా చెప్పింది.

“పోనీలే. వచ్చే ఏడాది చూద్దాం” అన్నాడు ఫణి. తేలిగ్గానే అన్నాడు. కానీ అతను గ్లాసు కింద పెట్టిన చప్పుడు ఆమెకు వినబడింది. అందులో టీ అలాగే ఉందని కూడా, నిండు గ్లాసు చప్పుడు కాబట్టి, తెలిసింది.

ఆమె లేచి, లడ్డూలు పంచుతున్న అటెండరును దాటుకుని, యంత్రం గదిలోకి వెళ్లింది. కిటికీ లోంచి ఎండ తెర మీద పడుతోంది. తెర మీద తల్లి మరణించే ఉంది. నాలుగు వందల పన్నెండు మంది మిగిలి యున్నారు. చంపవలెనా? ఆమె ‘అవును’ నొక్కింది. నిశ్చయమేనా అని యంత్రం అడిగింది. అవును. నాలుగు సెకన్లు పట్టింది. పంతొమ్మిది రోజులుగా రొద చేస్తున్న ఫ్యాను సద్దుమణిగింది. “సర్వము సుఖాంతము. యంత్రమునకు పునర్జన్మ ప్రసాదింపవలెనా?” అని తెర అడిగింది. ప్రసాదించింది.

నాలుగు గంటల పదిహేడు నిమిషాలు. ఆమె కుర్చీ అంచున కూర్చుని, మనసులో దరఖాస్తు నింపుకుంటూ ఎదురుచూసింది. కానీ సంఘం ఇక్కడ కూడా పని చేసి ఉంది. కొత్త వ్యవస్థ మొదటిసారి కళ్లు తెరిచినప్పుడు స్వాగత వచనాలు పలకాలని తీర్మానించి, అవి మధ్యలో ఆపే వీలు లేకుండా పెట్టింది. యంత్రం రాష్ట్ర ప్రజలకు నమస్కరించింది. తెలుగు భాష తీయదనం గురించి చెప్పింది. సంఘ సభ్యుల పేర్లు పదకొండూ బిరుదులతో సహా చూపింది, ఒక్కొక్క పేరూ మూడేసి నిమిషాలు నిలిపింది. దరఖాస్తు పేజీ తెరుచుకునేసరికి ఐదూ రెండు. “గడువు ముగిసినది. మీ ఆసక్తికి ధన్యవాదములు.”

బారసాల మర్నాడు సంతాప సభ అయింది. అదే హాలు, అదే మైకు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. అంతకు ముందు, ఎంతమందికి పాటించాలన్న దాని మీద గంటసేపు వాదన జరిగింది. ఒకడు ముందే ప్రేతం కాబట్టి అతణ్ణి మృదుల చంపినట్టు లెక్కకు రాదని గవర్రాజు నియమావళి చూపించాడు. నాలుగు వందల పదకొండు మంది అని ఖాయం చేశారు. మౌనంలో మృదుల కూడా నిలబడింది, నిందితురాలికి మినహాయింపు ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు కనుక.

యంత్రం గదిని నేరస్థలంగా ప్రకటించి, తలుపుకు లక్క ముద్ర వేశారు. ఇక ఆ కార్యాలయం నుంచి సెలవు గాని, జీతం బిల్లు గాని, బదిలీ కోరిక గాని పంపే దారి లేదు. శిక్ష వేయడానికి మాత్రం యంత్రం అక్కర్లేదు, తెల్లకాగితం చాలునని తేలింది.

ఎలాంటి శిక్ష అన్నది మిగిలింది. సస్పెండు చేస్తే ఇంట్లో కూర్చుని సుఖపడుతుందని సూర్యప్రకాశరావు గారు ఒప్పుకోలేదు. ఇంక్రిమెంటు ఆపుదామంటే ఆమెకు ఇంకా ఒక్కటీ రాలేదు. ఎవరూ కోరుకోని చోటికి బదిలీ చేయాలని నిర్ణయించి, అటువంటి చోట్ల జాబితా తెమ్మన్నారు. గవర్రాజు జాబితా తెచ్చి, కాసేపు వేలితో వెతికి, మృదుల వైపు ఒకసారి చూసి, మళ్లీ కాగితంలోకి చూశాడు.

“చింతూరండి. అంతకన్నా ఘోరం మన శాఖలో లేదండి. కొండలు, అడివి. ఎల్లినోళ్లు తిరిగిరావడానికి ఆరేళ్లు పడతాదండి.”

మృదుల భర్త అక్కడ పని చేస్తున్నట్టు కార్యాలయం రికార్డుల్లో ఎక్కడా లేదు. ఆ సంగతి రాయాల్సింది దరఖాస్తులో. దరఖాస్తు అందలేదు.

సూర్యప్రకాశరావు గారు ఉత్తర్వును నిలబడి చదివారు. “చిన్నారుల పట్ల కనబరచిన నిర్దాక్షిణ్య వైఖరి దృష్ట్యా” నుంచి “ఇరవై నాలుగు గంటలలోగా విధులలో చేరవలెను” దాకా చదివి, ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగారు. మృదుల చప్పున చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎంత ఆపుకున్నా ఆగలేదు. గోడ వైపు తిరిగిపోయింది.

“నిందితురాలు పశ్చాత్తాపముతో వెక్కి వెక్కి ఏడ్చినది” అని గవర్రాజు మినిట్సులో రాసుకున్నాడు.

సూర్యప్రకాశరావు గారి మనసు కరిగింది. ఆయనకూ ఆ వయసు కూతురుందట. కొత్తగా పెళ్లయిన పిల్ల, ఆ అడవిలో ఒంటరిగా ఎలా ఉంటుంది, మందలించి ఇక్కడే ఉంచేద్దామా అని గవర్రాజును గొంతు తగ్గించి అడిగారు. ఉత్తర్వు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. చింపడానికి రెండు వేళ్లు దాని అంచు మీదికి వెళ్లాయి కూడా. చున్నీ వెనక భుజాల కుదుపు ఒక్కసారిగా ఆగిపోయింది.

“వద్దండి” అన్నాడు గవర్రాజు, తల ఎత్తకుండా రాస్తూనే. “నాలుగొందల పదకొండు మందండి. పైవోళ్లు అడిగితే ఏం చెప్తామండి?”

సూర్యప్రకాశరావు గారు నిట్టూర్చి, సంతకం చేసి, కాగితాన్ని ఆమె ముందు పెట్టారు. మృదుల దాన్ని రెండు చేతులా అందుకుని, చున్నీ తీయకుండానే తలుపు వైపు నడిచింది. దుఃఖంలో ఉన్న మనిషికి దారి ఇచ్చినట్టు అటెండరు పక్కకు తప్పుకున్నాడు. చింతూరు బస్సు ఎన్నింటికో ఆమె ఎవర్నీ అడగలేదు.